పంచె కట్టుకుంటే సరా, పెళ్లికొడుకు గారూ?

పెళ్లి కుదిరిందంటే చాలు, మన ఆడవాళ్ల కబుర్లన్నీ పెళ్లికూతురి చుట్టూనే తిరుగుతాయి. ముహూర్తానికి ఏ చీర, తలంబ్రాలకి ఏ చీర, పూలజడా లేక జడగంటలా, వంకీ కొత్తది చేయించాలా లేక అమ్మమ్మది మెరుగు పెట్టిస్తే చాలా? రాత్రి పన్నెండయినా ఇవి తెమలవు. మరి పెళ్లికొడుకు సంగతో? "వాడికేముందిలెద్దూ, ఓ సూటు, ఓ పంచె. ఒక్క పూటలో తేలిపోతుంది" అంటాం. బట్టల సంగతే కాదు, బాధ్యతల సంగతీ అంతే. పీటల మీద కూర్చుని, పురోహితుడు చెప్పమన్నది చెప్పి, ఫొటోగ్రాఫరు చూడమన్న వైపు చూస్తే పెళ్లికొడుకు పని అయిపోయినట్టే మనకి!

వచ్చే మాఘంలో మా పెద్దాడి పెళ్లి. ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లలో ఆడపెళ్లివారి వైపు నిలబడి, ఎదురుసన్నాహం దగ్గర్నుంచి అప్పగింతల దాకా పరుగులు తీసినదాన్ని. ఇప్పుడు మొదటిసారి మగపెళ్లివారి వైపు నిలబడబోతున్నాను. అటు నిలబడ్డప్పుడు కనిపించినవి ఇటు వచ్చేసరికి మర్చిపోకూడదు కదా. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది చోడవరం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి శుభలేఖ మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడి పాదాల దగ్గర పెట్టాకే మిగతావాళ్లకి పంచుతాం. చుట్టూ చెరుకు తోటలు. అనకాపల్లి బెల్లం పేరు తెలియని తెలుగింటి ఇల్లాలు ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టుకునే పెళ్లిళ్లకి బెల్లం పండించే ఊళ్లవాళ్లం మేము. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి!

మధుపర్కం అంటే బట్టలేనా?

ముందు బట్టల సంగతి చూద్దాం. మా ఇంట్లో మూడు తరాల పెళ్లి ఫొటోలున్నాయి. మా మావగారు పంచె కట్టి, దాని మీద కోటు తొడిగి, చేతికి వాచీ కనబడేలా మడిచి పెట్టుకున్నారు. మావారు రిసెప్షన్ ఫొటోలో సూటూ టైతో ఊపిరాడనట్టు నిలబడ్డారు. ఇప్పుడు మావాడు షేర్వానీ అంటున్నాడు. సాయంత్రం వేసుకునేవి కాలంతోపాటు మారుతూనే వచ్చాయి. కానీ ముగ్గురికీ ముహూర్తం వేళ కట్టుకునేవి మాత్రం ఒకటే: మధుపర్కాలు.

తెల్లటి నూలు బట్ట, ఎర్రటి అంచో, ఆకుపచ్చ అంచో. పెళ్లికొడుక్కి పంచె, పెళ్లికూతురికి చీర. అసలు మధుపర్కం అంటే బట్ట కాదు. తేనె, పెరుగు, నెయ్యి కలిపి ఇంటికొచ్చిన గౌరవనీయుడైన అతిథికి ఇచ్చేది మధుపర్కం. పెళ్లికొడుకుని విష్ణుస్వరూపంగా ఎంచి, కాళ్లు కడిగి, అది ఇచ్చే వేళ పెట్టే బట్టలకి కూడా ఆ పేరే స్థిరపడిపోయింది. వరుడు వేసుకునే అన్ని బట్టల్లోనూ మామగారు సంప్రదాయంగా పెట్టేవి ఇవే. ఒక సంగతి గమనించారా? ఇద్దరికీ ఒకే రకం బట్ట, ఒకే అంచు. మగవాడిది ఎక్కువ నేత, ఆడపిల్లది తక్కువ నేత అని లేదు. లక్షలు పోసి కొన్న పట్టుచీరా, షేర్వానీ పక్కన పెట్టించి, ఇద్దరినీ ఒక్కలాంటి తెల్లబట్టల్లో కూర్చోబెట్టడంలో మన పెద్దవాళ్లు ఎంత పెద్ద మాట చెప్పారో!

ఇక నుదుటన బాసికం, బుగ్గన దిష్టిచుక్క, కాళ్లకి పారాణి, భుజాన ఉత్తరీయం. ఆ ఉత్తరీయాన్నీ, చీర కొంగునీ కలిపి బ్రహ్మముడి వేస్తారు. అందుకని జారిపోయే సిల్కు ముక్క కాకుండా, ముడి నిలిచే ఉత్తరీయం చూసుకోండి.

పంచె కట్టే వారికి చిట్కాలు

ఇప్పటి పిల్లలకి పంచె అలవాటు లేదు. అందుకే కొన్ని జాగ్రత్తలు:

గోచీ పోసి కట్టడానికి దాదాపు నాలుగు మీటర్ల పంచె కావాలి. పెళ్లికి వారం ముందునుంచీ రోజూ ఓ గంట ఇంట్లో కట్టించి తిప్పండి. పీట మీద కూర్చోవడం, లేవడం, ఏడడుగులు నడవడం అలవాటయితే పందిట్లో ఒక చెయ్యి నడుం మీదే పెట్టుకు తిరగక్కర్లేదు.

కొత్త నూలు పంచె గంజితో బిరుసుగా ఉండి జారుతుంది. ఒకసారి నీళ్లలో జాడించి ఆరేస్తే మెత్తబడి నడుం దగ్గర పట్టు నిలుస్తుంది. పట్టు పంచెకి మాత్రం నీళ్లు తగలనివ్వకండి. దాని మీద ఓ బెల్టు బిగించి, ఉత్తరీయం చుట్టేస్తే సరి. కుట్టేసిన వెల్క్రో పంచెలు కూడా దొరుకుతున్నాయి. నవ్వకండి, అవసరానికి అవే నయం.

మా ఉత్తరాంధ్రవాళ్లకి పంచె అంటే పొందూరే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, సన్నటి నూలు తీసి నేస్తారు. ఎండాకాలం ముహూర్తానికి అంతకంటే చల్లటి బట్ట లేదు. మన చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర కొంటే వాళ్లకీ ఓ ముద్ద.

హోమం ముందు కూర్చునేటప్పుడు పట్టు పేరుతో అమ్మే పాలిస్టర్ వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

మధుపర్కాల మీద పసుపు పడకుండా ఉండదు. కంగారుపడి సబ్బు రుద్దకండి, మరక ఇంకా ఎర్రబడుతుంది. ముందు చన్నీళ్లలో బాగా జాడించి ఎండలో ఆరేయండి. రెండు మూడు ఎండలు తగిలితే పసుపు దానంతటదే వెలిసిపోతుంది.

అలకపాన్పు మీద స్కూటరు

బట్టలయ్యాయి. ఇప్పుడు అసలు సంగతి.

మా దగ్గర బంధువుల్లో ఒకావిడ పెళ్లి 1991లో అయింది. వాళ్ల నాన్న మూడెకరాల చెరుకు రైతు. కట్నం, లాంఛనాలు, ఆడపడుచు కట్నం, సూటు గుడ్డ, దాని కుట్టుకూలి అన్నీ ముందే మాట్లాడుకుని, అన్నీ ఇచ్చేశాడు. పెళ్లి సవ్యంగా అయింది. మర్నాడు అలకపాన్పు. అలక అంటే సరదా కదా! ఉంగరమో, వాచీయో అడుగుతాడు, బావమరుదులు ఆట పట్టిస్తారు, అందరం నవ్వుకుంటాం. ఆ రోజు మాత్రం పెళ్లికొడుకు వెనకాల నిలబడ్డ పెద్దాయన ఒకడు "అబ్బాయి స్కూటరు కావాలంటున్నాడు" అన్నాడు. అబ్బాయి ఏమీ అనలేదు. కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. దుప్పటి మీద పువ్వుల్ని చూస్తూ కూర్చున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. వాళ్ల నాన్న కండువాతో మొహం తుడుచుకుని "అలాగే బాబూ" అన్నాడు. రెండు నెలల్లో స్కూటరు వచ్చింది. దాని కోసం చేసిన అప్పు తీరేసరికి మూడు పంటలు పోయాయి. ఆవిడ చెల్లెలి పెళ్లి అన్నేళ్లూ ఆగింది.

ఆయన చెడ్డవాడా అంటే కానే కాదు. భార్యని పల్లెత్తు మాట అనలేదు. పిల్లల్ని చక్కగా చదివించాడు. మావగారు మంచాన పడితే ఆసుపత్రిలో రాత్రుళ్లు కాపలా పడుకున్నాడు. అయినా ఆవిడ మొన్న మా ఇంటికొచ్చి, మావాడి పెళ్లి బట్టలు చూస్తూ ఒక మాట అంది. "ఆయన నాకు ఏ లోటూ చేయలేదు వదినా. కానీ ఆ రోజు 'నాకొద్దు మావయ్యా' అని ఒక్క మాట అనుంటే, మా నాన్న ఇంకో పదేళ్లు తలెత్తుకుని తిరిగేవాడు."

ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట ఆవిడ మనసులో అలాగే ఉంది. మనం పెళ్లికొడుకు చేసిన తప్పుల్ని లెక్కపెడతాం గానీ, అతను ఊరుకున్న క్షణాల్ని లెక్కపెట్టం. ఆడపిల్ల మాత్రం వాటినే గుర్తు పెట్టుకుంటుంది.

'అర్థం' అంటే ఏమిటో తెలుసా?

కన్యాదానం వేళ పెళ్లికూతురి తండ్రి వరుడిని ఒక మాట అడుగుతాడు. ధర్మంలోనూ, అర్థంలోనూ, కామంలోనూ ఈ అమ్మాయిని అతిక్రమించి నడుచుకోకూడదు అని. వరుడు "నాతిచరామి" అంటాడు. అతిక్రమించను అని అర్థం. పురోహితుడు చెప్పినదాన్ని చిలకపలుకులా అనేస్తారు గానీ, అందులో 'అర్థం' అంటే డబ్బు, సంపద అని ఎంతమంది పెళ్లికొడుకులు గమనిస్తారు? డబ్బు విషయంలో నీ కూతురిని కాదని నడవను అని మామగారికి మాటిచ్చి, ఆ పందిరి విప్పకముందే ఆ మామగారి జేబు మీదికి ఎవరో చెయ్యి చాస్తుంటే చూస్తూ కూర్చోవడం ఏమిటి చెప్పండి?

మన వైపు కథ ఇంకా చిత్రమైంది. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టిన సర్వసిద్ధి రాయవరం ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో పెళ్లికొడుకు వైపువాళ్లే డబ్బిచ్చి పసిపిల్లల్ని కొనుక్కునేవారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో అలా జరిగిన బ్రాహ్మణ వివాహాల లెక్క తీయిస్తే 1,034 తేలాయని గురజాడవారు ముందుమాటలో రాశారు. ఏడాది నిండిన పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారట! తర్వాత తర్వాత డబ్బు ఇటునుంచి అటు పోవడం మానేసి అటునుంచి ఇటు రావడం మొదలుపెట్టింది. దిశ మారింది గానీ బేరం పోలేదు. రెండు కాలాల్లోనూ బేరమాడింది పెద్దవాళ్లే, నోరు మూసుకుని కూర్చున్నది పీటల మీది వాళ్లే. పాపం, ఆ పసిపిల్లలకి నోరే లేదు. ఉద్యోగం చేసుకునే ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడికి ఏం వచ్చింది?

చట్టం చెప్పిన పనులు

ఇవి పెళ్లికొడుకు స్వయంగా చూసుకోవాల్సినవి. నాన్న మీదికో, బాబాయి మీదికో తోసెయ్యకూడదు.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కట్నం పుచ్చుకున్నా, ఇచ్చినా, అడిగినా నేరమే. 1986 సవరణ తర్వాత పుచ్చుకున్నవారికి మామూలుగా ఐదేళ్లకి తగ్గని జైలు. జరిమానా కనీసం 15,000 రూపాయలు, కట్నం విలువ అంతకంటే ఎక్కువైతే ఆ విలువంత.

అడక్కుండా, ఆచారంగా, ఇచ్చేవాళ్ల స్తోమతకి మించకుండా పెట్టే కానుకలకి అభ్యంతరం లేదు. కానీ వాటికి జాబితా ఉండాలని 1985లో నియమాలు చేశారు. పెళ్లికూతురికి వచ్చినవి ఆమె, పెళ్లికొడుక్కి వచ్చినవి అతను రాసి ఉంచాలి. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు అన్నీ రాసి, కింద ఇద్దరూ సంతకాలు చేయాలి. చదివింపుల పుస్తకం రాసే అలవాటు మనకి ఎలాగూ ఉంది కదా, దాని పక్కనే ఇదీ ఒకటి. రేపు ఎవరి వస్తువు ఎవరిదన్న పేచీ రాకుండా ఉంటుంది.

మన రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి అని 2002లోనే చట్టం చేశారు. శుభలేఖ, ఫొటోలు, వయసు రుజువులు, సాక్షులు అన్నీ పెళ్లికొడుకు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. అన్నట్టు వయసు అంటే అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి.

ఇంకొకటి. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం సప్తపది ఉన్న పెళ్లిలో, ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు. ఆ ఏడు అడుగుల్లో మొదటిది అన్నం కోసం, ఏడోది స్నేహం కోసం. ఆ ఏడో అడుగుతో పెళ్లికూతురు అతనికి స్నేహితురాలవుతుంది. ఫొటోల హడావిడిలో "తొందరగా కానివ్వండి పంతులుగారూ" అని కుర్రాళ్లు కేకలు వేసేది సరిగ్గా ఆ అడుగుల దగ్గరే! వాళ్లని ఆపాల్సింది కూడా పెళ్లికొడుకే.

స్నేహితులూ, చుట్టాలూ

తలంబ్రాల వేళ థర్మోకోల్ గుళ్లు, నురగ స్ప్రేలు తెచ్చి మొహాల మీద కొట్టేది ఎవరు? ఎక్కువగా వరుడి స్నేహితులే. పక్కనే హోమం ఉంటుంది, ఎదురుగా కాటుక పెట్టుకున్న కళ్లుంటాయి. ముందు రోజే వాళ్లని పిలిచి "ఒరేయ్, ఇవి వద్దు, విడిదింట్లో మందు వద్దు" అని చెప్పడం వరుడి బాధ్యత. మావగారు చెప్తే వాళ్లకి కోపం వస్తుంది, నేస్తం చెప్తే వింటారు.

విడిదింట్లో కాఫీ చల్లారింది, ఇడ్లీ గట్టిగా ఉంది అని అలిగే చుట్టం ప్రతి పెళ్లిలోనూ ఒకరుంటారు. ఆయన్ని బుజ్జగించే పని ఆడపెళ్లివారికి వదిలేయకూడదు. మన చుట్టం, మన బుజ్జగింపు.

పెళ్లికూతురు పొద్దుటినుంచీ ఉపవాసం ఉంటుంది, నగల బరువు, పొగ, వచ్చినవాళ్లకల్లా నమస్కారాలు. "మంచినీళ్లు తాగావా?" అని మెల్లిగా ఒక్కసారి అడిగితే చాలు. ఆ పిల్లకి ఆ ఇంటిమీద సగం భయం పోతుంది.

మరి మా ఇంట్లో?

సంబంధం కుదిరిన రోజున వియ్యంకుడు అన్నయ్యగారు "అబ్బాయికి సూటూ, షేర్వానీ ఎక్కడ తీసుకుందాం?" అని అడిగారు. మావాడు నా వైపు చూడలేదు, వాళ్ల నాన్న వైపూ చూడలేదు. "నా బట్టలు నేను కొనుక్కుంటాను మావయ్యగారూ. మీరు మధుపర్కాలు పెట్టండి, అవి మాత్రం మీ చేత్తోనే కావాలి" అన్నాడు. అన్నయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పొందూరు వెళ్లి నేనే తెస్తాను బాబూ" అన్నారు.

అది అంతటితో అయిందా? లేదు. మా పెద్దాడపడుచు గారికి కోపం వచ్చింది. ఆడపడుచు లాంఛనం లేకుండా పెళ్లేమిటి, నా పెళ్లిలో మా ఆయన అక్కలకి మా నాన్న పెట్టలేదా అని నన్ను నిలదీశారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఒకప్పుడు తన పుట్టింటివాళ్లు పెట్టారు, ఇప్పుడు తన వంతు వచ్చేసరికి ఆచారం ఆగిపోతోంది. ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. నేను సర్దిచెప్పబోతుంటే మావాడే వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. "అత్తా, నన్ను ఎత్తుకుని పెంచింది నువ్వు. నీకు చీర పెట్టాల్సింది నేను గానీ, నిన్ను ఎప్పుడూ చూడని ఆయన ఎందుకు పెడతాడు? పద, విశాఖపట్నం వెళ్దాం, నీకు నచ్చింది తీసుకో" అన్నాడు.

ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున బస్సెక్కారు. ఒకటి కాదు, రెండు చీరలు తీసుకున్నారు, అందులో ఒకటి కంచిపట్టు! వాడి జీతంలో సగం ఆ పూట ఎగిరిపోయింది. అయితేనేం, ఆ డబ్బు వాడిది. ఇప్పుడు వీధిలో అందరికీ "మా మేనల్లుడు పెట్టాడు" అని ఆవిడే చూపిస్తున్నారు.

అబ్బాయిలున్న తల్లులందరికీ ఒక మనవి. పెళ్లికొడుకుని చేసే రోజున నలుగు పెట్టి, తలంటి, బుగ్గన చుక్క పెడతాం కదా. ఆ రోజే పక్కన కూర్చోబెట్టుకుని, 'నాతిచరామి' అంటే ఏమిటో తెలుగులో చెప్పండి. బట్టలు ఎవరైనా కొనిపెట్టగలరు, పంచె ఎవరైనా కట్టిపెట్టగలరు. ఆ మాట మాత్రం వాడి నోటినుంచే రావాలి, వాడే నిలబెట్టుకోవాలి.

ఏమంటారు వదినలూ? అన్నట్టు, పసుపు మరకకి సబ్బు వద్దన్నాను, మర్చిపోకండేం!